ఉప్పు రోడ్లు, కారు బ్రేకులు



నవంబరు నెల వచ్చిందంటే బ్రిటన్‌లో పొద్దుగూకాక రోడ్ల మీదికి పసుపుపచ్చ లారీలు బయలుదేరతాయి. నెత్తిన దీపం తిప్పుకుంటూ, వెనకనుంచి గోధుమరంగు రాళ్లుప్పు చిమ్ముకుంటూ నెమ్మదిగా పోతుంటాయి. తెల్లవారేసరికి రోడ్డు మీద మంచు గడ్డకట్టే సూచన ఉందంటే చాలు, కౌన్సిల్ వాళ్లు వీటిని పంపిస్తారు. మామూలు రోజుల్లో చదరపు మీటరుకు 10 నుంచి 20 గ్రాముల ఉప్పు పడుతుంది. ఈ ఉప్పుకు పెద్ద ఆధారం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని. 1844లో మొదలైంది. ఈ దేశంలో ఇప్పటికీ నడుస్తున్న గనుల్లో అదే పాతది. స్కాట్లాండ్ జనం ఈ లారీలకు ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నారు. ఈ ఉప్పును ఇక్కడ గ్రిట్ అంటారు కనుక ఒక లారీ పేరు గ్రిట్నీ స్పియర్స్!

ఆ ఉప్పు లేకపోతే చలికాలం ఇక్కడ బండి కదలదు. కాదనలేం. అయితే అదే ఉప్పు నీళ్లలో కరిగి, టైర్లు చిమ్మగా కారు అడుగుభాగమంతా పట్టుకుంటుంది. చక్రం వెనక దాగి ఉండే ఒక ఇనప భాగాన్ని ఏడాదికింత చొప్పున తింటూ పోతుంది. ఆ భాగం పేరు బ్రేకు కాలిపర్. ఇక్కడి తెలుగువాళ్లలో సెకండ్ హ్యాండ్ కారు కొన్న ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు గ్యారేజీవాడు చెప్పే మాట ఒకటుంది: "కాలిపర్ పట్టేసింది, మార్చాలి." ఆ మాట విన్నప్పుడు ఏం అడగాలి, ఏం చూసుకోవాలి అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

మన చిన్నప్పటి సైకిలు గుర్తుందిగా. హ్యాండిల్ కింద లివరు నొక్కితే రిమ్ముకు అటూ ఇటూ ఉన్న రబ్బరు కట్టలు దాన్ని గట్టిగా పట్టుకునేవి. కారులోని డిస్క్ బ్రేకుదీ అదే పద్ధతి. రిమ్ము బదులు చక్రంతోపాటే తిరిగే ఇనప పళ్లెం ఉంటుంది, అది డిస్కు. రబ్బరు కట్టల బదులు ప్యాడ్లు. తీగ బదులు బ్రేక్ ఆయిల్. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి సన్నటి గొట్టాల్లోంచి, చివరన రబ్బరు హోసులోంచి కాలిపర్‌కు చేరుతుంది. అక్కడ పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. మామూలు కార్లలో పిస్టన్ లోపలివైపే ఉంటుంది. మరి బయటి ప్యాడ్ సంగతో? లోపలి ప్యాడ్ డిస్కుకు ఆనగానే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ను లాక్కొచ్చి అవతలివైపునుంచి నొక్కుతుంది.

పెడల్ మీదినుంచి కాలు తీశాక పిస్టన్‌ను వెనక్కి లాగేదేమిటి? అక్కడ స్ప్రింగ్ లేదు. పిస్టన్ చుట్టూ చదరపు అంచులున్న ఒక రబ్బరు రింగు ఉంటుంది. పిస్టన్ ముందుకొచ్చినప్పుడు ఆ రింగు కొంచెం మెలిపడుతుంది. ఒత్తిడి పోగానే తన రూపానికి తాను వచ్చేస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తీసుకొస్తుంది. ఆ వెంట్రుకవాసి సందు ఉంటేనే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. అది పూడిపోయిందంటే కాలు తీసినా బ్రేకు వదలదు.

ఈ డిస్క్ బ్రేకు ఎదిగింది ఎక్కువగా బ్రిటన్ మిడ్‌లాండ్స్‌లోనే. బర్మింగ్‌హామ్‌లో కార్లు కట్టిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో ప్యాడ్‌కు తగిన పదార్థం లేదు. లోహం మీద లోహం రాచుకుని చెవులు చిల్లులు పడేవి. ఆలోచన అర్ధశతాబ్దం మూలపడింది. రాపిడికి తట్టుకునే పదార్థం కోసం డెర్బీషైర్ కొండల్లో చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ అనే ఊళ్లో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897నుంచే తంటాలు పడుతున్నాడు. వాలులో బండి దిగేటప్పుడు రైతులు చక్రానికి పాత బూటు అడ్డం పెట్టడం చూసి ఆయనకు ఈ వ్యాపారం తట్టిందని చెబుతారు. ఆయన పెట్టిన కంపెనీయే ఫెరోడో. ఇవాళ్టికీ ప్యాడ్ల డబ్బాల మీద ఆ పేరు కనిపిస్తుంది.

డిస్క్ బ్రేకు సత్తా లోకానికి తెలిసింది 1953 జూన్‌లో, ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెంలో. 24 గంటలు ఆగకుండా సాగే పోటీ అది. కోవెంట్రీలో తయారైన జాగ్వార్ సి-టైప్ కార్లకు డన్‌లప్ కంపెనీ డిస్క్ బ్రేకులు బిగించారు. వాటిని నెలల తరబడి నడిపి పరీక్షించినవాడు జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్. మిగతా కార్ల డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు సడలితే, జాగ్వార్ డ్రైవర్లు మలుపు దగ్గరికి వచ్చేదాకా వేగం తగ్గించలేదు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ గెలిచారు. సగటు వేగం గంటకు 105 మైళ్లు దాటింది. ఆ పందెంలో సగటు 100 మైళ్లు దాటడం అదే మొదలు. మూడేళ్ల తర్వాత, 1956లో, గర్లింగ్ కంపెనీ డిస్క్ బ్రేకులతో ట్రయంఫ్ టీఆర్3 కారు మామూలు జనానికి అమ్మకానికి వచ్చింది. ఆ గర్లింగ్ వాళ్ల సాంకేతిక సహకారంతోనే టీవీఎస్ వాళ్లు 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా మొదలుపెట్టారు. మన రోడ్ల మీద తిరిగిన ఎన్నో కార్ల బ్రేకుల చుట్టరికం ఈ మిడ్‌లాండ్స్‌తోనే.

చరిత్ర అంత ఘనంగా ఉన్నా, ఉప్పు ముందు అన్నీ ఒకటే. కాలిపర్ మూడు చోట్ల పట్టేస్తుంది. మొదటిది ఇందాక చెప్పిన పిన్నులు. వాటి రబ్బరు తొడుగు చిరిగితే లోపలి గ్రీజు ఎండిపోతుంది, నీరు దూరుతుంది, తుప్పు పడుతుంది. కాలిపర్ జరగడం మానేస్తుంది. అప్పుడు పని అంతా లోపలి ప్యాడ్ మీదే పడి, అది అరిగి రేకు తేలుతుంది. బయటి ప్యాడ్ మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. రెండోది ప్యాడ్ చెవులు కూర్చునే గాడి. అక్కడి ఇనప బ్రాకెట్‌కు తుప్పు పొరలు కట్టి, గాడి ఇరుకై, ప్యాడ్ కదలకుండా బిగుసుకుంటుంది. మూడోది పిస్టన్. దాని మీది దుమ్ము తొడుగు చిల్లుపడితే మెరిసే ఒంటి మీద తుప్పు మొటిమలు లేస్తాయి. అవి రబ్బరు రింగును కోస్తాయి, ఆయిల్ కారుతుంది, లేదా పిస్టన్ కదలదు.

ఈ తేడా ముందు తెలుసుకోవాలి. మొదటి రెండు జబ్బులకూ కాలిపర్ మార్చనక్కర్లేదు. పిన్నులు ఊడదీసి తుడిచి, సరైన గ్రీజు పెట్టి, కొత్త తొడుగులు వేసి, బ్రాకెట్‌లో తుప్పు గీకేస్తే చాలాసార్లు సరిపోతుంది. పిస్టన్ తుప్పు పట్టిందంటే మాత్రం మార్పే దారి. పిస్టన్, రబ్బర్ల కిట్టు తెచ్చి విప్పి బిగించేవాళ్లూ ఉన్నారు. అయితే గ్యారేజీలో దానికి పట్టే సమయానికి కట్టే కూలి చూస్తే కొత్త కాలిపర్ వేయించుకోవడమే నయం.

పట్టేసిందని తెలిసేదెలా? మా వీధిలో గుంటూరునుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాడొకడు ఉన్నాడు. పాత హ్యాచ్‌బ్యాక్ కొనుక్కున్నాడు. ఒక ఆదివారం వచ్చి, "అన్నా, కారు ఎడం పక్కకు లాగుతోంది, ఏదో మాడిన వాసన కూడా వస్తోంది" అన్నాడు. చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర సెగ కొడుతోంది, కుడిపక్క చల్లగా ఉంది. ఆ చక్రం మీదే నల్లటి బ్రేకు పొడి దట్టంగా పట్టింది. జాకీ పెట్టి లేపి తిప్పితే చేతికి బరువుగా ఉంది, గరగరమంటోంది. బ్రేకు తొక్కకుండానే ఎడమకు లాగుతోందంటే ఎడమ బ్రేకు వదలడం లేదన్నమాట. అదే బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కుడికి లాగితే ఎడమ బ్రేకు అసలు పట్టడం లేదని అర్థం.

"కాలిపర్ ఆర్డర్ పెట్టేయనా?" అన్నాడు కుర్రాడు. ఆగమన్నాను. చక్రం బిగుసుకుని ఉండగానే కాలిపర్ పైన ఆయిల్, గాలి బయటికి వదలడానికి ఉండే నిపుల్‌ను స్పానర్‌తో కొంచెం వదులు చేశాం. నాలుగు చుక్కల ఆయిల్ చిమ్మింది. చక్రం తేలిగ్గా తిరిగితే తప్పు కాలిపర్‌ది కాకపోవచ్చు. రబ్బరు హోసు లోపల ఉబ్బి, వెళ్లిన ఆయిల్‌ను వెనక్కి రానివ్వక ఒత్తిడిని పట్టి ఉంచుతుందేమో చూడాలి. అప్పుడు కాలిపర్ మార్చినా జబ్బు పోదు. ఇక్కడ ఆయిల్ చిమ్మినా చక్రం బిగుసుకునే ఉంది. విప్పి చూస్తే పిన్నులు బాగానే జారుతున్నాయి, పిస్టన్ మాత్రం మొండికేసింది. అప్పుడు ఆర్డర్ పెట్టాడు.

కాలిపర్ కొనేటప్పుడు రెండు సంగతులు. ఇక్కడ విడిభాగాల దుకాణంలో బండి నంబరు చెబితే సరిపోతుంది, కానీ ఏ పక్కదో మీరే చెప్పాలి. ఎడమవైపును నియర్‌సైడ్ అంటారు, కుడివైపును ఆఫ్‌సైడ్ అంటారు. డ్రైవరు కూర్చునేది ఆఫ్‌సైడ్. రెండోది, చాలా కాలిపర్లు పాతవాటిని విప్పి, శుభ్రంచేసి, కొత్త రబ్బర్లు వేసి మళ్లీ అమ్మేవే. వాటి ధర మీద సర్‌చార్జ్ అని అదనంగా తీసుకుంటారు. మీ పాత కాలిపర్ తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు. అందుకని పాతదాన్ని చెత్తబుట్టలో పడేయకండి. ఆయిల్ వంపేసి కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి పట్టుకెళ్లండి. వంపిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో ఇవ్వాలి.

ఇక పని. కారును చదునైన నేల మీద పెట్టి, వెనక చక్రాలకు అడ్డు వేసి, నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తాలి. ఎత్తాక కింద స్టాండు పెట్టాలి. జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టేవాడి ధైర్యాన్ని మెచ్చుకోకండి, కసురుకోండి. నిపుల్, హోసు బోల్టు తుప్పుపట్టి ఉంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి. బ్రేకు పొడిని గాలిపెట్టి ఊదొద్దు. 1999లో ఈ దేశం ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది కాబట్టి ఇప్పటి ప్యాడ్లలో అది ఉండదు, అయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తుడవాలి.

ప్యాడ్లు మార్చడానికి కాలిపర్ విప్పినప్పుడు దాన్ని హోసుకు వేలాడదీయకూడదు, తీగతో పైన కట్టాలి. కొత్త కాలిపర్‌కు హోసు బిగించేటప్పుడు బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు రెండూ కొత్తవి వేయాలి. పాతవి ఒకసారి నలిగినవి, మళ్లీ బిగిస్తే చెమరుస్తాయి. బోల్టులన్నీ టార్క్ స్పానర్‌తో, ఆ కారు మాన్యువల్ చెప్పిన లెక్కకే బిగించాలి. ప్యాడ్లు మాత్రం ఒక్కపక్కే కాదు, రెండు పక్కలా మార్చాలి.

బిగించాక ఒక్క క్షణం ఆగి చూడండి. నిపుల్ పైకి ఉందా? చాలా కార్లలో ఎడమ కాలిపర్‌నూ కుడి కాలిపర్‌నూ తారుమారుగా బిగించినా పడతాయి, కానీ అప్పుడు నిపుల్ కిందికి వస్తుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. నిపుల్ కింద ఉంటే ఎంతసేపు ఆయిల్ తోడినా పైన చేరిన గాలి బయటికి రాదు, పెడల్ మెత్తగానే ఉండిపోతుంది. రోజంతా తోడి తోడి విసిగి, చివరికి గ్యారేజీకి బండి ఈడ్చుకెళ్లినవాళ్లు ఉన్నారు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. నిపుల్‌కు పారదర్శక గొట్టం తగిలించి, దాని రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. "తొక్కు" అనగానే లోపలివాడు తొక్కిపట్టాలి. బయటివాడు నిపుల్ వదులు చేస్తాడు, గొట్టంలో బుడగలు పరిగెడతాయి, వెంటనే బిగించేస్తాడు. "వదులు" అన్నాకే కాలు తీయాలి. బిగించకముందే కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా ఇదే వరస. మధ్యమధ్య బానెట్ కింద ఆయిల్ డబ్బా నింపుతూ ఉండాలి. అది ఎండిపోయి గాలి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి చేరితే కంప్యూటర్ తగిలిస్తే తప్ప వదలకపోవచ్చు. ఆయిల్ కూడా డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి. డాట్ 4 ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకున్నాక అది 155కు పడిపోవచ్చు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే.

అంతా అయ్యాక, బండి కదిలించకముందే పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కాలి. ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య సందు పూడాలి కదా. ఈ ఒక్కటి మరిచి బండి వెనక్కి తీసి గోడను గుద్దినవాళ్లూ లేకపోలేదు.

వెనక చక్రాల సంగతి వేరు. అక్కడ చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ కూడా కాలిపర్‌తోనే ముడిపడి ఉంటుంది. కొన్నిటి పిస్టన్‌ను నొక్కితే లోపలికి పోదు, ప్రత్యేక పనిముట్టుతో తిప్పుతూ నొక్కాలి. మీట నొక్కితే పడే ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే ముందు కంప్యూటర్‌తో దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కొత్తగా వేసిన సామానే పాడవుతుంది. అలాంటి కారు ఉన్నవాళ్లు ఇంటి ముందు ప్రయోగాలు చేయకపోవడం మంచిది.

సొంత కారు సొంతంగా బాగుచేసుకోవడం బ్రిటన్‌లో పెద్ద అలవాటు. దానికి ఊపునిచ్చిన పుస్తకాలు హేన్స్ మాన్యువల్స్. జాన్ హేన్స్ తన వరసలో మొదటి మాన్యువల్‌ను 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు మీద వేశాడు. కారును నిలువునా విప్పి, మళ్లీ బిగిస్తూ, ఫొటోలు తీసి రాయడం ఆయన పద్ధతి. మీ ఇంటి ముందు మీ బ్రేకు మీరు విప్పుకోడానికి చట్టం అడ్డురాదు. కానీ బాధ్యత మీదే. పనికిరాని బ్రేకులతో బండి నడిపితే లైసెన్సు మీద మూడు పాయింట్లు, 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

"నా కారు ఎంఓటీ పాసైంది కదా" అనేవాళ్లకు ఒక మాట. రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ హయాంలో 1960లో మొదలైన, బండి రోడ్డెక్కడానికి తగినదా అని ఏటా చూసే ఈ పరీక్ష మొదట పదేళ్లు దాటిన బండ్లకే ఉండేది. 1967నుంచి మూడేళ్లు దాటిన కార్లకు చేశారు. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం నాలుగేళ్లు. చక్రాలను రోలర్ల మీద పెట్టి ఏ చక్రం ఎంత బలంగా పడుతోందో కొలుస్తారు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల్లో బలహీనమైనది రెండోదానిలో 70 శాతం కూడా పట్టకపోతే ఫెయిల్. ముందు చక్రాల్లో అది సగానికి తగ్గితే ప్రమాదకరం అని రాసి, బండి నడపొద్దంటారు. ప్యాడ్ మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గినా అంతే. అయితే పరీక్షించేవాళ్లు చక్రం ఊడదీయరు, పిన్ను లాగి చూడరు. బయటికి కనిపించేది చూసి, రోలర్ చెప్పింది రాస్తారు. ఆ కాగితం ఆ రోజు మాట మాత్రమే. ఎండిపోతున్న పిన్ను సంగతి దానికి తెలియదు.

కాబట్టి శ్రోతలకు నా మనవి మూడు మాటల్లో చెబుతాను.

ఒకటి, సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దాని నంబరు కొట్టి ఎంఓటీ చరిత్ర చూడండి. డబ్బు కట్టక్కర్లేదు. పాస్ అని చూసి మురిసిపోకుండా, కింద రాసిన సలహాలు చదవండి. "బ్రేకు కొద్దిగా పట్టేస్తోంది", "డిస్కు తుప్పుపట్టింది" అని రెండేళ్లుగా రాసి ఉండి ఎవరూ పట్టించుకోలేదంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడబోతోందని అర్థం. ధర తగ్గించమని అడగడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

రెండు, గ్యారేజీవాడు కాలిపర్ మార్చాలంటే, "పిస్టనా, పిన్నులా, హోసా?" అని అడగండి. పాత భాగం చూపించమనండి. ఈ దేశంలో కార్ల మరమ్మతు షెడ్డు పెట్టడానికి లైసెన్సు తప్పనిసరి కాదు. అడిగితే విప్పి చూపించేవాడి దగ్గరికే వెళ్లండి.

మూడు, ఉప్పు లారీలు తిరగడం ఆగాక, ఏటా ఏప్రిల్‌లో ఒకసారి నాలుగు చక్రాలూ ఊడదీయించి, పిన్నులు తుడిపించి గ్రీజు పెట్టించండి. రబ్బరు తగిలే చోట రాగి గ్రీజు కాదు, రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజే పెట్టమనండి. శీతాకాలంలో కారు కడిగించేటప్పుడు చక్రాల లోపలికీ నీళ్లు కొట్టించండి.

గంటకు 70 మైళ్ల వేగంలో కాలు బ్రేకు మీద పడ్డాక కారు ఆగడానికి 75 మీటర్లు పడుతుందని ఇక్కడి హైవే కోడ్ లెక్క. బ్రేకులన్నీ సరిగ్గా ఉన్న కారుకు వేసిన లెక్క అది. ఒక్క కాలిపర్ పట్టేసినా ఆ లెక్క మీ కారుకు వర్తించదు. ఏటా ఏప్రిల్‌లో చేయించాల్సిన ఆ పనిని వాయిదా వేయకండి.